రికార్డుకెక్కని నీతి: కాబోయే టీచర్లు ఏమనుకుంటున్నారు?

బీఈడీ చదివినవాళ్లను ఎవరినైనా అడగండి, ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా గుర్తుంటుంది. ‘ఉత్తమ ఉపాధ్యాయుని లక్షణాలు వివరింపుము.’ ఐదు మార్కులకో పది మార్కులకో ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. జవాబు కూడా అందరిదీ ఒకటే. సహనం, సమయపాలన, నిష్పాక్షికత, సచ్ఛీలత, విషయ పరిజ్ఞానం. చివర కొవ్వొత్తి. తాను కరిగిపోతూ వెలుగిచ్చే ఆ కొవ్వొత్తి లేకుండా ఈ జవాబు ముగియడం నేనెప్పుడూ చూడలేదు.

జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఇంటర్న్‌షిప్‌కి వచ్చే ఛాత్రోపాధ్యాయుల్లో కొందరు నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని కొన్నాళ్లు పాఠాలు వింటారు, తర్వాత వాళ్లే చెబుతారు. అందరూ కొవ్వొత్తి జవాబు రాసి వచ్చినవాళ్లే. మూడో రోజో నాలుగో రోజో వాళ్లలో ఒకరు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, గొంతు తగ్గించి అడుగుతారు. “సార్, ఆ మూడో బెంచీ వాడు అస్సలు మాట వినట్లేదు. ఒకటి వేయొచ్చా?”

కొత్తగా వస్తున్నవాళ్లకు వృత్తి ధర్మం మీద గౌరవం లేదని మా సీనియర్లు తరచూ విసుక్కుంటారు. నాకలా కనిపించలేదు. టీచరు దగ్గర లోకం ఆశించే నీతిలో ఎక్కువ భాగం పైకి కనిపించాల్సిన సరంజామా అనీ, క్లాసులో నిజంగా తేల్చుకోవాల్సి వచ్చే సంగతుల గురించి తమకెవరూ ఏమీ చెప్పరనీ ఈ పిల్లలు చాలా త్వరగా పసిగడుతున్నారు. (పిల్లలు అనేశాను. వాళ్లలో ఇద్దరు బిడ్డల తల్లులు కూడా ఉంటారు.)

సరంజామాలో మొదటిది బట్టలు. స్కూలుకు పంపే ముందు కాలేజీలో పెట్టే ఓరియంటేషన్‌లో ఎక్కువసేపు నడిచేది ఈ చర్చేనని వాళ్లే నవ్వుతూ చెబుతారు. అమ్మాయిలకు కాలేజీ ఎంచిన ఒకే రంగు చీర, భుజం మీద పిన్నులు. అబ్బాయిలకు ఇన్‌షర్ట్, నల్ల బూట్లు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2010లో తెచ్చిన ఉపాధ్యాయుల వృత్తి నియమావళిలో దుస్తులు, మాట, నడవడి పిల్లలకు ఆదర్శంగా ఉండాలన్న మాట ఉంది, నిజమే. విద్యార్థికి సంబంధించిన రహస్యాలను తెలియాల్సినవాళ్లకు తప్ప చెప్పకూడదనీ, తన విద్యార్థులకే డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పకూడదనీ కూడా అందులోనే ఉంది. ఈ మూడింటిలో కాలేజీ గేటు దాటి మా స్కూలు దాకా నడిచొచ్చేది మొదటిదొక్కటే. ఇది మన దగ్గరి జబ్బు మాత్రమే కాదు. అస్సాం 2023లో, మహారాష్ట్ర 2024లో టీచర్లు జీన్స్, టీషర్టులు వేసుకురావద్దని ఉత్తర్వులిచ్చాయి. కేరళ ప్రభుత్వం 2021లో, చీరే కట్టుకోవాలని టీచర్లను ఒత్తిడి చేయొద్దని చెప్పింది. “పంజాబీ డ్రెస్ వేసుకొచ్చిన రోజే పిల్లలతో పాటు కింద కూర్చోగలిగాను సార్” అని ఒకమ్మాయి అన్నప్పుడు నాకు సమాధానం తోచలేదు. కింద కూర్చోవడం ట్రైనీలు రాసి చూపించాల్సిన ఏ రికార్డులోనూ మార్కులున్న అంశం కాదు.

ఈ వృత్తి గురించి మన భాషలో రెండు మాటలు పక్కపక్కనే బతుకుతున్నాయి. ప్రార్థనలో ‘గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః’, పెళ్లి చూపుల్లో ‘బతకలేక బడిపంతులు’. రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి. వెనకటికి దసరా వచ్చిందంటే పంతులుగారు పిల్లల చేత విల్లంబులు పట్టించి ఇల్లిల్లూ తిరిగేవారు. ‘అయ్యవారికి చాలు అయిదు వరహాలు, పిల్లవాళ్లకు చాలు పప్పుబెల్లాలు’ అని పిల్లలే పాడేవారు. ఎంత దేవుణ్ణి చేసినా ఆ దేవుడి జీతం పిల్లలు పాట పాడి అడగాల్సి వచ్చేది. కరోనా కాలంలో బడులు మూతబడ్డప్పుడు తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించింది. అంతకు ముందు నెలల్లో కూలికి వెళ్లినవాళ్లను, కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లను అందరం చూశాం. ఇప్పుడు బీఈడీ చదువుతున్నవాళ్లలో చాలామంది ఆ రోజుల్లో ఇంటరో డిగ్రీయో చదువుతున్నారు. గౌరవానికీ గింజలకూ లంకె లేదని పుస్తకం చదవకుండానే నేర్చుకున్నారు.

అయినా ఎందుకు వస్తున్నారు? డీఎస్సీ కోసం, అంటే ప్రభుత్వ టీచరు ఉద్యోగాల నియామక పరీక్ష కోసం. ఇందులో దాపరికం లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షల మందికి పైగా పోటీ పడ్డారు. బీఈడీ ఉన్నవాళ్లు ప్రాథమిక తరగతుల టీచరు పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చాక వీళ్ల దారి ఇంకా ఇరుకైంది. కాబట్టి మా దగ్గరికొచ్చే ట్రైనీ చేతిలో లెసన్ ప్లాన్ ఉంటుంది, సంచిలో ఆ పరీక్షకు చదివే చిన్న ప్రశ్నల పుస్తకం, బిట్ బ్యాంకు ఉంటుంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 దేనికి సంబంధించింది? శారీరక దండన, మానసిక వేధింపుల నిషేధం. సెక్షన్ 24? ఉపాధ్యాయుల విధులు. సెక్షన్ 28? ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదు. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. గుమ్మం దగ్గర నిలబడి ‘ఒకటి వేయొచ్చా’ అని అడిగిన కుర్రాడికి సెక్షన్ నంబరు తెలియక కాదు. అది పరీక్షలో గుర్తుపెట్టే బిట్టు. మూడో బెంచీ వాడికీ ఆ బిట్టుకూ సంబంధం ఉన్నట్టు అతనికి తట్టలేదు.

ఎందుకు తట్టలేదు? డాన్ లోర్టీ అనే అమెరికా సామాజికవేత్త 1975లోనే ఒక మాట చెప్పాడు. టీచరు కాబోయే మనిషి శిక్షణకు రాకముందే పన్నెండు పదమూడేళ్లు విద్యార్థిగా కూర్చుని టీచర్లను చూసే ఉంటాడు, ఆ చూపులో నేర్చుకున్నదాని ముందు కాలేజీ శిక్షణ ఆనదు అని. మన దగ్గర ఆ చూపులో ఏముంటుందో వేరే చెప్పాలా? వీళ్ల తాతలకు కోదండం తెలుసు. వీళ్ల నాన్నలకు గోడకుర్చీ, తొడపాశం తెలుసు. వీళ్లకు గుంజీలూ స్కేలు దెబ్బలూ తెలుసు. ‘కళ్లు రెండూ వదిలేసి తోలు వలిచెయ్యండి పంతులుగారూ’ అని బడిలో చేర్పించేటప్పుడు తండ్రి అన్న మాటను ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకునే సమాజం మనది. పదో తరగతి ఆత్మీయ సమ్మేళనాల్లో వేదిక మీదికి పిలిచి శాలువా కప్పేది ఎవరికి? బాగా కొట్టిన మాస్టారికి. ‘ఆయన కొట్టబట్టే ఇంతవాళ్లమయ్యాం’ అంటారు. ఇంతవాళ్లు కాలేక మధ్యలోనే బడి మానేసినవాళ్లు ఆ సమ్మేళనానికి రారు కనుక వాళ్ల మాట మనకు వినిపించదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఇటు చట్టాన్నీ అటు శాలువానూ చూస్తాడు. ఆ వయసులో శాలువాకే బరువెక్కువ.

నేను కొట్టలేదా? మొదటి మూడేళ్లూ కొట్టాను. ‘అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారు’ అని సామెత. ఆ మాట ఎగతాళికి పుట్టింది కానీ, నా మటుకు నాకు అందులో వృత్తి ధర్మం మొత్తం ఉన్నట్టనిపిస్తుంది.

దెబ్బల కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది రికార్డులు. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది. కనీసం 20 వారాలు స్కూల్లో గడపాలి, అందులో 16 వారాలు రెండో ఏడాదిలో. కాగితం మీద చాలా మంచి ఏర్పాటు. కానీ స్కూలుకు ఒక్క రోజూ రాకుండా రికార్డులు మాత్రం సంతకాలకు పంపేవాళ్లున్నారని ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. రాసి పెట్టిన రికార్డులు అమ్మకానికి దొరుకుతాయి. అట్టలు, చార్టులు, టీఎల్‌ఎం (బోధనోపకరణాలు) కూడా. హాజరుకు ఒక రేటు, ప్రాక్టికల్ మార్కులకు ఒక రేటు. ఇది నేనొక్కణ్ణే అంటున్న మాట కాదు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ జె.ఎస్.వర్మ కమిషన్ 2012లో చెప్పినదాన్ని 2020 జాతీయ విద్యా విధానం తన పేజీల్లోకి ఎక్కించుకుంది. దేశంలో పది వేలకు పైగా ఉన్న విడి శిక్షణ సంస్థల్లో ఎక్కువ భాగం అసలు శిక్షణ ప్రయత్నమే చేయడం లేదనీ, డబ్బుకు డిగ్రీలు అమ్ముతున్నాయనీ.

రోజూ వచ్చే ట్రైనీ దీన్ని ఎలా చూస్తాడో కాస్త ఆలోచించండి. పక్క ఊరి నుంచి రెండు బస్సులు మారి తొమ్మిదింటికల్లా ప్రార్థనలో నిలబడతాడు. తనతో పాటు చేరిన నలుగురు ఎక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ చివర్లో అవే మార్కులు, అదే సర్టిఫికెట్ తీసుకుంటారు. నిజాయితీ గురించి ఈ వృత్తి అతనికి చెప్పిన మొట్టమొదటి పాఠం ఇది. పైగా ఆ పాఠం చెప్పింది, రేపు పిల్లలకు నిజాయితీ నేర్పమని అతణ్ణి పంపుతున్న వ్యవస్థే. “మరి మేం పిచ్చోళ్లమా సార్?” అని ఒకరు నేరుగానే అడిగారు. కోపంగా కూడా కాదు, లెక్క తేలనివాడిలా.

ఇక స్కూల్లోకి వచ్చాక మేం నేర్పేది. యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దమని ట్రైనీలకు ఇస్తాం, మాకు పని తగ్గుతుంది కదా. ఒకమ్మాయి చాలా శ్రద్ధగా దిద్ది, సగం మందికి పాస్ మార్కులు రాలేదని పట్టిక చేసి తెచ్చింది. అవి అలాగే ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే మీటింగులో సంజాయిషీ చెప్పుకోవాలి. ‘కొంచెం చూసి వేయమ్మా’ అన్నాం. చూసి వేసింది. ఆ సాయంత్రం ఆమె అడిగిన ప్రశ్న నాకు ఇంకా ముల్లులా ఉంది. మార్కులు పెంచినందుకు ఆమెకేం బాధ లేదట. “ఇప్పుడు వీళ్లకు చదవడం రాదని ఎక్కడా లేదు కదా సార్, మరి వీళ్లకు మళ్లీ ఎవరు నేర్పుతారు?” అంది. పదో తరగతి ప్రశ్నపత్రాలు 2022లో మన ఆంధ్రప్రదేశ్‌లో వాట్సాప్‌లో తిరిగిన కేసుల్లో ఉపాధ్యాయులు అరెస్టయినప్పుడు అందరం ముక్కున వేలేసుకున్నాం. దానికీ ‘కొంచెం చూసి వేయమ్మా’కీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

ప్రైవేటులో చేరినవాళ్ల సంగతి ఇంకో రకం. బీఈడీ పూర్తి చేసిన ఎక్కువ మందికి మొదట దొరికే కొలువు అదే. ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి, ఇన్ని చేర్పించాలని టార్గెట్. ఫీజు కట్టని పిల్లల పేర్లు క్లాసులో చదవాలి. నా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసి వెళ్లిన ఒకబ్బాయి, పరీక్ష రోజున పిల్లల్ని వరండాలో నిలబెట్టమని పైనుంచి చెప్పారని ఫోన్ చేశాడు. నిలబెట్టాడు. ‘ఉత్తమ ఉపాధ్యాయుని లక్షణాలు’ అతనికి నోటికొచ్చు. యజమాని ఆజ్ఞకు ఎదురు నిలిస్తే వచ్చే నెల అద్దె ఎవరు కడతారన్నది ఆ లక్షణాల్లో లేదు.

ప్రభుత్వం కూడా ఈ వృత్తిని ఎలా చూస్తుందో వీళ్లకు తెలియనిది కాదు. 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు జనాన్ని అదుపు చేయడానికి టీచర్లకు డ్యూటీ వేశారు. మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టించారు. 2022 నుంచి ముఖం చూపించి హాజరు. 2024 నవంబరులో తెలంగాణలో కుల సర్వేకి ప్రాథమిక టీచర్లు వెళ్తే బడులు ఒంటిపూట నడిచాయి. సెప్టెంబర్ 5న మాత్రం శాలువా, మెమెంటో. ముఖ హాజరు తప్పని నేననను. రాని టీచర్లు లేరని చెప్పే ధైర్యం నాకు లేదు. అయితే ఒకే మనిషిని ఉదయం దొంగగా అనుమానించి సాయంత్రం దేవుడిగా పూజించే ఈ తంతు ట్రైనీలకు నవ్వు తెప్పిస్తుంది, అంతే.

ఇంతకీ వాళ్లు దేన్ని నిజమైన నైతిక సమస్యగా చూస్తున్నారు? నేను గమనించినంతలో, పిల్లలు చెప్పే రహస్యాలను.

ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన అమ్మాయిలను మా పిల్లలు మొదటి వారం ‘మేడమ్’ అంటారు. రెండో వారానికి ‘అక్కా’ అవుతుంది. మాకు చెప్పనివన్నీ అక్కకు చెబుతారు. ఒక ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయి తనకు మేనబావతో పెళ్లి ఖాయం చేశారని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని ట్రైనీతో చెప్పింది. ఆమె రెండు రోజులు ఒంట్లో బాగాలేదని స్కూలుకు రాలేదు. మూడో రోజు వచ్చి నాతో అంది, “మాటిచ్చాను సార్. మాట తప్పితే ఆ పిల్ల మళ్లీ ఎవర్నీ నమ్మదు. తప్పకపోతే దాని బతుకు పోతుంది.”

బాల్య వివాహాల నిషేధ చట్టం 2006 గురించి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 గురించి ఆమెకు తెలుసు. అవీ బిట్లే. పోక్సో చట్టం గురించి తెలుసా అని ఇంకో బ్యాచ్‌ని అడిగితే 2012 అని సంవత్సరం చెప్పారు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే సెక్షన్ 19, 21 కింద ఆ చెప్పనివాళ్లదీ నేరమేనని, టీచరుకు మినహాయింపేమీ లేదని అందులో ఒక్కరికీ తెలియదు. పిల్ల ‘ఎవరికీ చెప్పకక్కా’ అని మొదలుపెట్టినప్పుడు ‘నీకు ప్రమాదమున్న సంగతైతే నేను దాచలేనమ్మా, మనిద్దరం కలిసి ఎవరికి చెప్పాలో చూద్దాం’ అని ముందే అనాలని వాళ్లకెవరూ చెప్పలేదు. రెండేళ్ల కోర్సులో ‘అండర్‌స్టాండింగ్ ద సెల్ఫ్’ అనే పేపరుంది, జెండర్ మీద ఒక పేపరుంది. ఈ ఒక్క వాక్యం మాత్రం లేదు.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి విషయం హెచ్‌ఎం గారికి చెప్పాం. సచివాలయం మహిళా పోలీసు, ఐసీడీఎస్ (స్త్రీ శిశు సంక్షేమ) వాళ్లు ఇంటికెళ్లి మాట్లాడారు. పెళ్లి ఆగింది. ఆ పిల్ల మా ట్రైనీతో ఇంటర్న్‌షిప్ అయిపోయే దాకా మాట్లాడలేదు. రోజూ అదే క్లాసులో, మొదటి వరసలో, తల వంచుకుని కూర్చునేది. సరైన పని చేసిన మనిషి ఇలాంటి ధర చెల్లించాల్సి వస్తుందని కొవ్వొత్తి జవాబులో ఎక్కడుంది? కొవ్వొత్తి కరుగుతుందే తప్ప ఎవరి నమ్మకాన్నీ పోగొట్టుకోదు.

దీనికి పరిష్కారంగా ‘వృత్తి నీతి’ అని ఇంకో పేపరు పెట్టమంటే నేను వద్దంటాను. వెంటనే దానికీ గైడు వస్తుంది. కావాల్సింది తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే చోటు. డాక్టర్లు రోగి చనిపోయిన కేసు గురించి తలుపులేసుకుని చర్చించుకుంటారు, ఎక్కడ పొరబడ్డామని. మన స్టాఫ్‌రూముల్లో డీఏ గురించి, బదిలీల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ‘నిన్న నేనొక పిల్లాణ్ణి అవమానించాను, ఏం చేసి ఉండాల్సింది?’ అని మాత్రం ఎవరం నోరు విప్పం. విప్పితే అది ఫిర్యాదవుతుందని భయం. ట్రైనీలకు ఆ భయం ఇంకా పూర్తిగా అంటలేదు, అందుకే గుమ్మం దగ్గర నిలబడైనా అడుగుతున్నారు. ఉద్యోగం వచ్చాక అడగరు. మెంటర్‌గా సంతకం పెట్టే నాలాంటివాడికి దీని మీద ఒక్క రోజు శిక్షణ కూడా ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఇంటర్న్‌షిప్‌లో రిఫ్లెక్టివ్ జర్నల్ అని ఒకటి రాయాలి. రోజూ క్లాసులో ఏం జరిగింది, తానేం నేర్చుకున్నది రాసుకునే పుస్తకం. పేరు చూస్తే నేను అడుగుతున్న చోటు అదే అనిపిస్తుంది. పోయిన బ్యాచ్‌లో ‘ఒకటి వేయొచ్చా’ అన్న కుర్రాడు ఆఖరి రోజున రెండు పుస్తకాలు తెచ్చాడు. ఒకటి అట్ట వేసి, మార్జిన్లు కొట్టి, రెండు రంగుల పెన్నులతో రాసిన ఫెయిర్ కాపీ. ప్రతి పేజీలో ‘విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు’ అని ఉంది. రెండోది చిన్న రఫ్ నోట్సు. మధ్యలో ఒక పేజీ మడత పెట్టి ఉంది. చూడమని చేతికిచ్చాడు.

నేను లేని ఒక పీరియడ్‌లో మూడో బెంచీ వాణ్ణి కొట్టాడట. వాడు ఏడవలేదట, నవ్వాడట. మధ్యాహ్నం అన్నం దగ్గర చూస్తే ఎడమ చేత్తో తింటున్నాడట. ‘సారీ చెప్పాలనుకున్నాను. టీచర్లు సారీ చెప్పొచ్చో లేదో తెలియలేదు’ అని రాసుకున్నాడు.

“ఇది కాలేజీలో ఇస్తే సూపర్‌వైజర్ గారు ఒప్పుకోరు సార్. ఏది ఇవ్వమంటారు?” అన్నాడు.

రఫ్ నోట్సు అతని చేతికే ఇచ్చేసి, ఫెయిర్ కాపీ తీసుకుని సంతకం పెట్టాను. స్కూలు ముద్ర కూడా వేశాను.